ఏ కొలకఱ్ఱతో కొలువవలెను? వృత్తిగోల్ఫులో స్త్రీల విజయములు

అమెరికా దేశపు వృత్తిగోల్ఫు చరిత్రలో అందఱికంటె ఎక్కువ పోటీలు గెలిచినవారెవరని అడిగినచో, క్రీడాపుటలు నిత్యము చదువువారు సైతము క్షణమైన ఆలోచింపక టైగర్ వుడ్స్ పేరు చెప్పుదురు. కొంచెము పాతకాలపువారైనచో శామ్ స్నీడ్ పేరు చెప్పుదురు. ఆ యిరువురివియు చెరి 82 విజయములు. కాని టెక్సాసు రాష్ట్రమున పుట్టి, న్యూ మెక్సికోలోని జాల్ అను చిన్న యూర పెరిగి, 1962 మొదలు 1985 వఱకు ఏ యార్భాటమును లేక గెలుచుచు వచ్చిన కాథీ విట్‌వర్త్ అను స్త్రీ సాధించినవి 88. ఇది రహస్యమేమియు కాదు. లెక్కల పుస్తకములు తెఱచిన ప్రతివానికిని కనబడును. ఐనను ప్రశ్న వేసినప్పుడు ఆ పేరు ఎవరి నోటికిని రాదు. ఎవరైన గుర్తుచేసినచో "అవి ఆడువారి పోటీలు గదా" యని పెదవి విఱుచుట కలదు. ఆ "గదా" అను రెండక్షరములలో ఒక కొలకఱ్ఱ దాగియున్నది. ఆ కొలకఱ్ఱ సరియైనదేనా యని విచారించుటయే యిచ్చట నా పని.

గోల్ఫును గుఱించి మనలో చాలమందికి తెలిసినది, అది పెద్ద యుద్యోగుల పొద్దుపోక యని మాత్రమే. కాని దాని సూత్రము మన వీధులలోని గోలీలాటకంటె చిక్కైనది కాదు. చిన్న బంతిని కఱ్ఱతో కొట్టి దూరముననున్న గుంటలో వేయవలెను, గుంటలు పదునెనిమిది, తక్కువ దెబ్బలతో ముగించినవారు విజేతలు. నేర్పరి యెన్ని దెబ్బలలో ముగింపవలెనో ముందుగా నిర్ణయించిన లెక్క "పార్"; దానికంటె ఒకటి తగ్గినచో "బర్డీ", ఒకటి పెరిగినచో "బోగీ". పెద్ద పోటీలు నాలుగు దినములు, అనగా 72 గుంటలు, సాగును. ఇందు గమనింపవలసిన మర్మమొకటి కలదు. పార్ లెక్క కట్టునప్పుడు ప్రతి గుంటకును రెండు దెబ్బలు గుంట చెంతనున్న నున్నని పచ్చికమీద బంతిని మెల్లగా దొర్లించుటకే కేటాయింతురు. అనగా పార్ 72 అయినచో అందు 36 దెబ్బలకు భుజబలముతో ప్రసక్తియే లేదు. మగవాని దెబ్బ దూరముగా పోవుననుట నిజమే. ఆ నిజము సగము ఆటకే చెల్లును.

ఇక చరిత్రకు వత్తము. స్త్రీలకు ఒక వృత్తిసంఘము కావలెనని 1944లోనే హోప్ సెయిన్యస్ అను నామె ఒక ప్రయత్నము చేసినది గాని అది నిలువలేదు. 1950లో కాన్సస్ రాష్ట్రపు విచిటా నగరమున, పదుముగ్గురు స్త్రీలు చేరి నేడు ఎల్.పి.జి.ఏ. యని లోకమెఱిగిన సంఘమును స్థాపించిరి. వారిలో మార్లీన్ బావర్ పదునాఱేండ్ల పిల్ల. మొదటి యధ్యక్షురాలు పాటీ బెర్గ్. మేజరులని పిలువబడు మహాపోటీలలో ఆమె గెలిచిన పదునైదును నేటివఱకు ఏ స్త్రీయు దాటలేదు. ఆ తొలియేట అన్ని పోటీలకును కలిపి బహుమతి ధనము సుమారు 50,000 డాలర్లు.

ఆ పదుముగ్గురు ఆటగత్తెలు మాత్రమే యని తలంచినచో పొరపాటు. తెల్లవాఱుజామున మైదానమునకు పోయి హద్దుగుంజలు పాతినవారును, ఆ దినమున గుంట పచ్చికలో ఏ మూల నుండవలెనో నిర్ణయించినవారును, ఎవరు ఎవరితో ఆడవలెనో జతలు కూర్చినవారును, నియమము తప్పినవారికి దండన విధించినవారును, సాయంకాలము బహుమతి చెక్కులు వ్రాసినవారును వారే. మోటారు కార్లలో బారులుగట్టి ఊరినుండి యూరికి వందలమైళ్లు పోవుట, పోయిన యూర జనము రారేమో యను భయమున ముష్టియుద్ధముల గోదా యెక్కి "రేపు మా ఆట చూడ రండు" అని పిలుచుట, బేస్‌బాల్ మైదానములలో నిలిచి బంతులు కొట్టి చూపుట, ఇవన్నియు వారి దినచర్యలోనివే. ఒకరినొకరు ఓడింపవలసిన వారే ఒకరికొకరు న్యాయాధిపతులైరి. అట్టి యేర్పాటు ఏ పురుషుల క్రీడలోనైన పదేండ్లు నిలిచెడిదా యని నాకు సందేహము. అందఱికి అందఱితో పొత్తు కుదిరినదనియు అనరాదు. వారిలో లూయీజ్ సగ్స్‌కు బేబ్ జహారియస్ ఆర్భాటము గిట్టెడిది కాదు. ఆ సగ్స్ 1949 నాటి అమెరికా మహిళల ఓపెన్‌లో అదే బేబ్‌ను 14 దెబ్బల తేడాతో ఓడించినది. ఐనను మఱునాడు గుంజలు పాతుటకు ఇద్దఱును పోవలసినదే.

బేబ్ జహారియస్ కథ మాత్రము కొంచెము నిలిచి చెప్పవలసినది. 1932లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో ఆమె ఈటె విసరుటలోను, 80 మీటర్ల హర్డిల్సు పరుగులోను స్వర్ణములు, ఎత్తు దూకుటలో రజతము గెలిచినది. ఆ తరువాత గోల్ఫునకు వచ్చి, 1945లో పురుషుల పోటీలలోనే దిగి, సగము ఆటకు జాబితా కుదించు "కట్" అను గడప దాటినది. అమెరికా పి.జి.ఏ. పురుషుల వృత్తిపోటీలలో ఆ గడప దాటిన స్త్రీ నేటివఱకు ఆమె యొక్కతియే. ఇది చాల గొప్ప సంగతి యని వ్రాయువారు పెక్కండ్రు. నాకు దానికంటె గొప్పగా తోచునది 1954 నాటి అమెరికా మహిళల ఓపెన్. అంతకు ముందటి యేడే పెద్దప్రేవుల క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగినది. మలవిసర్జనకై పొట్టకు సంచి తగిలించుకొని ఆడవలసిన స్థితి. మసాచుసెట్సులోని సేలం మైదానమున, చివరి దినము ఒక్కనాడే 36 గుంటలు నడిచి, 12 దెబ్బల తేడాతో ఆమె గెలిచినది. మఱి రెండేండ్లకు, 1956లో, నలువదియైదవ యేట కన్నుమూసినది. ఆమె దేహము మోయుచున్న బరువును ఏ పురుషుని స్కోరుతో సరిపోల్చి చూడవలెనో నాకు తెలియదు.

తరువాతి తరమున మికీ రైట్. ఇంత చక్కని స్వింగును తాను చూడలేదని బెన్ హోగన్ వంటి పురుషాగ్రణి మెచ్చుకొన్న ఆటగత్తె ఈమె. విజయములు 82, అందు మేజరులు 13. 1961-62లో నాలుగు మేజరులను ఏకకాలమున తన చేతియందుంచుకొన్నది. 1963లో ఒక్క యేటనే 13 పోటీలు గెలిచినది. కాని ఆమె రానిచో పోటీయే పెట్టమని ధనమిచ్చువారు మొండికెత్తుటచే, విశ్రాంతి లేక ఆడి, ఆ నడుమ సంఘాధ్యక్షత్వమును కూడ మోసి, పాదబాధతోను అలసటతోను 34వ యేటనే నిత్యక్రీడనుండి విరమించినది. పదేండ్లకు, 1979లో, గోల్ఫు జోళ్లు సరిపడక మామూలు గుడ్డబూట్లతో ఒక పోటీకి వచ్చి, తనకంటె సుమారు ఇరువదిరెండేండ్లు చిన్నదైన నాన్సీ లోపెజ్‌తో సమానముగా ముగించి, అదనపు గుంటలలో మాత్రమే ఓడినది. లోపెజ్ అప్పటికే జనుల కన్నులలో పడియున్నది. 1978లో వచ్చిన తొలియేటనే వరుసగా అయిదు, మొత్తము తొమ్మిది పోటీలు గెలిచి, గోల్ఫన్న నెఱుగనివారిచేత కూడ పత్రికలు కొనిపించినది. ఈ మహిళల ఓపెన్ అనునది మాత్రము విచిత్రమైన గడపయే: 88 గెలిచిన విట్‌వర్త్‌కును, 48 గెలిచిన లోపెజ్‌కును అది జన్మలో దక్కలేదు.

విట్‌వర్త్ ధనము విషయమును ఇక్కడనే చెప్పివేయుదును. 1981లో గోల్ఫున పది లక్షల డాలర్ల ఆర్జన దాటిన మొదటి స్త్రీ ఆమెయే. జీవితమంతట ఆటవలన వచ్చినది సుమారు 17 లక్షలు. 2023లో పెబుల్ బీచ్‌లో మహిళల ఓపెన్ గెలిచిన అలిసెన్ కార్పజ్‌కు ఆ యొక్క వారమునకే 20 లక్షల డాలర్లు వచ్చినవి. అదే యేట పురుషుల ఓపెన్ విజేతకు ముట్టినది 36 లక్షలు. 17 లక్షలును 20 లక్షలును చూచినవారు లోకము మాఱినదందురు. 36 లక్షలు కూడ చూచినవారు ఎంత మాఱినదో లెక్క కట్టుకొందురు.

ఆనికా సోరెన్‌స్టామ్ ప్రసంగము రాగానే మన కొలకఱ్ఱ ప్రశ్న తల యెత్తును. ఈ స్వీడన్ వనిత 72 విజయములు, 10 మేజరులు సాధించినది. కాని లోకము జ్ఞాపకముంచుకొన్నది 2003 మే నెలలో ఫోర్ట్‌వర్త్‌లోని కొలోనియల్ మైదానమున పురుషులతో ఆడి, 71, 74 కొట్టి, నాలుగు దెబ్బల తేడాతో కట్ దాటలేకపోయిన ఆ రెండు దినములనే. ఒక్కొక్క దెబ్బకును వందల కెమెరాలు. ఆమె ఓడినందుకు సంతసించినవారును, ఆ మాత్రము నిలిచినందుకు అచ్చెరువందినవారును ఒకే తప్పు చేసిరని నా యభిప్రాయము. అంతకు రెండేండ్ల ముందు, 2001 మార్చి 16న, ఫీనిక్సులోని మూన్ వ్యాలీలో, ఆమె మొదటి యెనిమిది గుంటలును వరుసగా బర్డీలే చేసి, మొత్తము 13 బర్డీలతో, ఒక్క బోగీయైన లేక, 59 దెబ్బలలో ఆట ముగించినది. ఎల్.పి.జి.ఏ. చరిత్రలో అరువదికి లోపు ఆడిన స్త్రీ ఆమె తప్ప వేఱొకతె లేదు. ఆ 59 ఒక శిల్పము. కొలోనియల్ ఒక జాతర. జాతరనే తలంచుకొనుట జనస్వభావము గాని, విమర్శకుని ధర్మము కాదు.

ఇప్పుడు నేను ఆలస్యము చేయదలచిన చోటు, 1998 జూలై 6వ తేదీ, విస్కాన్సిన్ రాష్ట్రములోని బ్లాక్‌వుల్ఫ్ రన్ మైదానము. నాలుగు దినముల ఆట ముగియగా కొరియా దేశపు ఇరువదియేండ్ల పాక్ సే రీయు, థాయి తల్లిదండ్రుల బిడ్డయగు ఔత్సాహిక క్రీడాకారిణి జెన్నీ చువసిరిపోర్న్‌యు సమానముగా నిలిచిరి. సోమవారమున మఱల 18 గుంటలు. చివరి గుంటకడ పాక్ కొట్టిన బంతి యెడమకు పోయి, కొలనుగట్టు వాలున, నీటి యంచునగల గడ్డిలో చిక్కినది. ఒక దెబ్బ దండన క్రింద కోల్పోయి బంతిని పైకి తెచ్చుకొనుట వివేకుల మార్గము. ఆమె కొంతసేపు వంగి చూచి, గట్టుమీద కూర్చుండి, జోళ్లు విప్పినది, మేజోళ్లు విప్పినది. మండుటెండలలో ఏండ్ల తరబడి సాధనచేసి నల్లబాఱిన పిక్కలక్రింద, ఎండ యెన్నడు నెఱుగని పాదములు సున్నమువలె తెల్లగా బయటపడినవి. పిక్కలలోతు నీటిలో నిలిచి, తన పాదములకంటె ఎత్తుననున్న బంతిని ఒక్క దెబ్బతో దారికి తెచ్చినది. ఆ గుంటలోను ఇద్దఱును సమానమే యగుటచే ఆట ఇంకను సాగి, మొత్తము మీద 92వ గుంటకడ పాక్ బర్డీ చేసి గెలిచినది.

అప్పటికి కొరియా, అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచి, బ్యాంకులు మూసి, లక్షలాది జనులు పనులు పోగొట్టుకొని, స్త్రీలు తమ బంగారు గాజులు దేశమునకిచ్చుచున్న కాలము. ఆ తెల్లని పాదముల దృశ్యమును ఆ దేశపు దూరదర్శనములు మరల మరల చూపినవి. నిదుర మాని ఆ రాత్రి చూచినవారిలో పదేండ్లు నిండని ఒక బాలిక యుండెను; పేరు పాక్ ఇన్బీ. ఆమె త్వరలోనే కఱ్ఱ చేతబట్టి, 2008లో పందొమ్మిదవ యేట మహిళల ఓపెన్ గెలిచి, 2013లో ఆ యేటి మొదటి మూడు మేజరులును వరుసగా గెలిచి, 2016లో రియో ఒలింపిక్సున స్వర్ణము పొందినది. "సే రీ పిల్లలు" అని ఆ తరమునకే పేరు వచ్చినది. 2012లో మహిళల ఓపెన్ మఱల అదే బ్లాక్‌వుల్ఫ్ రన్‌లో జరుగగా, గెలిచినది ఆ పిల్లలలో నొకతె చొయ్ నా యోన్. చివరి గుంటకడ వేచియుండి ఆమెపై షాంపేను చిలికినది సే రీయే. ఆ దేశమున ఒకే పేరుగల క్రీడాకారిణులు ఎందఱైరనగా, గుర్తుకై పేరు చివర అంకె వేయవలసి వచ్చి, 2019లో మహిళల ఓపెన్ గెలిచిన యామె "జియోంగ్ యున్ లీ6" అని పట్టికకెక్కినది!

ఈ ప్రభంజనమును అమెరికా సంఘము తొలుత ఎట్లు స్వీకరించినదో కూడ చెప్పవలెను. 2008లో, ఆంగ్లము మాటలాడనేరని క్రీడాకారిణులను ఆటనుండి తొలగింతుమని ఒక నియమము ప్రకటించి, నాలుగువైపులనుండి నిందలు రాగా కొలది వారములలోనే ఉపసంహరించుకొనినది. పదుముగ్గురు స్త్రీలు గుంజలు పాతి కట్టిన యింటికి తలుపు గడియ వేయజూచుట వారి వారసులకు శోభింపలేదు.

తలుపుల మాట వచ్చినది గనుక, స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫునకు పుట్టినిల్లని పేరొందిన పాత మైదానమున స్త్రీల వృత్తిపోటీ మొదటిసారిగా 2007లో మాత్రమే జరిగినది. మెక్సికో దేశపు లొరేనా ఒచోవా దానిని గెలిచినది. ఆ మైదానపు నెత్తిన కూర్చున్న ప్రాచీన క్లబ్బు తన సభ్యత్వమును స్త్రీలకిచ్చుటకు 2014లో వోటు వేసినది. అమెరికాలోని ఆగస్టా క్లబ్బు 2012లో ఇచ్చినది. స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు 2016లో వలదని, 2017లో సరేయని, 2022లో బ్రిటిష్ మహిళల ఓపెన్‌కు ఆతిథ్యమిచ్చినది. అనగా లొరేనా ఒచోవా పాత మైదానమున విజేతగా నిలిచిన నాడు, ఎదుటి క్లబ్బులో సభ్యురాలగుటకు ఆమెకు అర్హత లేదు. అందుకామెకున్న లోపము స్త్రీయగుట యొక్కటే.

మఱచిపోబడుటలో ఈ విజయములన్నిటికి తలమానికము మార్గరెట్ అబ్బట్ కథ. మన కలకత్తాలో 1878లో పుట్టిన ఈ యమెరికా కన్య, పారిసులో చిత్రకళ నేర్చుకొనుచు, 1900లో అచ్చట జరిగిన ఒక తొమ్మిది గుంటల పోటీలో 47 దెబ్బలతో గెలిచినది. అది ఒలింపిక్ పోటీ యని ఆమెకు తెలియదు. 1955లో మరణించువఱకును తెలియలేదు. ఆ పారిసు పోటీ తరువాత స్త్రీల గోల్ఫు ఒలింపిక్సులో మఱల కనబడుటకు 116 ఏండ్లు పట్టినది. అట్లు తిరిగి వచ్చిన మూడు ఒలింపిక్సులలోను పతకము పొందినది న్యూజీలండునకు ఆడు లిడియా కో: రియోలో రజతము, టోక్యోలో కాంస్యము, 2024లో పారిసున స్వర్ణము. ఎల్.పి.జి.ఏ. కీర్తిమందిరమున ప్రవేశమునకు 27 పాయింట్లు కావలెను. వోటు లేదు, సిఫారసు లేదు, కేవలము లెక్క. ఆ పారిసు స్వర్ణముతో, ఇరువదియేడవ యేట, ఆమె లెక్క 27 అయినది. రెండు వారములకు సెయింట్ ఆండ్రూస్ పాత మైదానమున బ్రిటిష్ మహిళల ఓపెన్ కూడ ఆమెదే.

మన దేశమున ఈ మార్గమున తొలి యడుగు కలకత్తా వనిత సిమీ మెహ్రాది. తరువాత దీక్షా డాగర్ వచ్చినది. పుట్టుకతో వినికిడి లోపముగల ఈ యెడమచేతివాటపు పిల్ల 2019లో దక్షిణాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచినది. మన తెలుగునాట గోల్కొండకోట నయాకిలా నీడలోనే గోల్ఫు మైదానమున్నది. హైదరాబాదు అమ్మాయి స్నేహా సింగ్ దేశీయ వృత్తిపోటీలలో గెలుపులు చవిచూచినది. ఐనను అధికారుల పిల్లలు, క్లబ్బు సభ్యుల పిల్లలు గాక వేఱొక పిల్ల ఆ పచ్చికమీద కాలు మోపుటకు దారి మన యూళ్లలో ఇంకను ఇఱుకే.

బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ మాట చెప్పి ముగింతును. 2016లో పదునెనిమిదవ యేట మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయురాలు. 2021 ఆగస్టు 7, శనివారము తెల్లవాఱుజామున, టోక్యో ఒలింపిక్సు స్త్రీల గోల్ఫు చివరి దినపు ఆట చూచుటకై, గోల్ఫులో బర్డీ యననేమో యెఱుగనివారితో కూడ నేను టీవీ ముందు కూర్చుంటిని. పక్కింటి పెద్దాయన కాఫీ గ్లాసుతో వచ్చి "ఈ యమ్మాయి కొట్టినది ఇంత దగ్గఱనే పడుచున్నదేమయ్యా" యని నిట్టూర్చెను. అప్పటికి ప్రపంచమున 200వ స్థానముననున్న ఆ పిల్ల బంతి, జతలోనివారి బంతికి ఎంతో వెనుకనే పడుచుండెను. గుంట దగ్గఱకు వచ్చిన తరువాత ఆయన మఱల నిట్టూర్చలేదు. సంచి మోయుచు ప్రక్కన నడుచుచున్నది కన్నతల్లి. పిడుగులు, వాన మూలమున ఆట ఆగి, మఱల సాగి, చివరి గుంటకడ దూరమునుండి దొర్లించిన బంతి అంచు ప్రక్కగా పోయినది. ఆ సాయంకాలమే నీరజ్ చోప్రా ఈటె విసరి స్వర్ణము తేగా, మఱునాటి పత్రికలు ఆ యీటెతోనే నిండిపోయినవి.

కసుమిగసెకి మైదానమున నాలుగు దినములలో 267 దెబ్బలు కొట్టిన నెల్లీ కోర్డాకు స్వర్ణము వచ్చినది. 268 కొట్టిన ఇనామి మోనేకును లిడియా కోకును రజత కాంస్యములు వచ్చినవి. అదితి కొట్టినవి 269.